గెరో కోడలు

అరోరా, ఇల్లినాయ్
6 అక్టోబరు 2024

చి॥ అంకితకు,

మామయ్య ఆశీస్సులు. నువ్వూ సాన్వీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మీ అత్తయ్య మోకాళ్ళు ఆవిడ మాట వినడం లేదు, ఆవిడ నా మాట వినడం లేదు. డాక్టరు మెట్లు దిగొద్దన్నాడు. బట్టలు ఉతకాలనే నెపంతో రోజూ బేస్‌మెంట్‌లోకి దిగుతూనే ఉంది.

దీంతో పాటు పుస్తకం మొదటి రెండు అధ్యాయాలూ పంపుతున్నాను. నా చేతిరాత నీకు తప్ప ఎవరికీ కొరుకుడు పడదు కనుక టైపు చేసే శ్రమ నీ నెత్తిన పడింది. హైదరాబాదులో పుస్తకం వేస్తానన్న జగన్మోహన్ మొన్న ఫోన్ చేసి, "వెయ్యేళ్ళ కిందటి జర్మనీవాడి గోల మనవాళ్ళకెందుకండీ? పోనీ మీ అమెరికా అనుభవాలు రాయకూడదూ?" అన్నాడు. ఒళ్ళు మండింది. వంతెనలు కట్టినవాడికి సిమెంటూ ఇనుమూ తప్ప అనుభవాలేముంటాయి?

ఇదంతా ఎందుకని నువ్వు మాత్రం అడగలేదు. నేనే చెబుతాను. కంపెనీ పనిమీద మాగ్డెబర్గ్‌లో ఉన్నప్పుడు ఒక ఆదివారం గెర్న్‌రోడె అనే చిన్న ఊళ్ళో పాత చర్చి చూడబోయాను. లోపల ఒక రాతి సమాధి. గెరో అనే ఆయనది. ఒట్టో రాజుకి తూర్పు సరిహద్దు కాసిన ప్రభువు. వాళ్ళ భాషలో మార్‌గ్రేవ్ అంటారు. ఎల్బే నది దాటితే అంతా స్లావులనే తెగల దేశం. రాజు ఎక్కడో ఉంటాడు, యుద్ధం మాత్రం ఈయన గుమ్మంలో ఉంటుంది. అన్న చనిపోతే ఆ పదవి ఈయనకొచ్చింది. అది తనకి దక్కలేదని రాజుగారి సవతి అన్న తంక్మార్ తిరగబడి ప్రాణం పోగొట్టుకున్నాడు. అంటే పదవిలో కూర్చున్న నాటినుంచీ ఇంట్లోనూ పగే, బయటా పగే. అన్న పేరే కొడుక్కి పెట్టుకున్నాడు, మనవాళ్ళలాగే. జీగ్‌ఫ్రీడ్. ఆ కొడుకు తండ్రి బతికుండగానే పోయాడు.

గైడు ఈ సంగతి చెప్పినప్పుడు మన ఫణి బతికే ఉన్నాడు. అందుకని వినేసి, బయటికొచ్చి కాఫీ తాగాను. ఫణి కారు ఆ మంచులో పల్టీకొట్టిన నాటినుంచీ ఆ సమాధి రోజూ గుర్తొస్తోంది.

ఉన్నది ఉన్నట్టు టైపు చెయ్యి. మార్పులు వద్దు.

మీ మామయ్య,
లక్ష్మీకాంతం


కాపెల్, టెక్సస్
27 అక్టోబరు 2024

మామయ్యగారికి నమస్కారాలు.

టైపు చేసిన కాగితాలు జతపరిచాను. అత్తయ్యగారికి చెప్పండి, ఆ బట్టల బుట్ట మీరే మొయ్యాలని నేనన్నానని. ఇక్కడ ఇంకా ఎండలు తగ్గలేదు. సాన్వి స్విమ్మింగ్‌లో చేరింది. తల ఆరబెట్టుకోమంటే వినదు, రోజూ తుమ్ములే.

నేను టైపు చేస్తుంటే పక్కన కూర్చుని, "అమ్మా, తాతయ్య గెరో గుడ్ గైయా, బ్యాడ్ గైయా?" అని అడిగింది. మీరు రాసింది మళ్ళీ చదివి చూశాను. ముప్ఫైమంది స్లావు నాయకుల్ని విందుకు పిలిచి, కడుపునిండా తాగించి, మత్తులో ఉండగా చంపించాడని రాశారు. ఆ వెంటనే "వాళ్ళే ముందుగా ఆయనను చంపాలని కుట్ర పన్నారు" అని రాశారు. ఆ కుట్ర సంగతి మనకు చెప్పిందెవరు మామయ్యగారూ? గెరో వైపు చరిత్ర రాసిన సన్యాసే కదా. చచ్చినవాళ్ళ తరఫున ఎవరూ రాయలేదు. ఆ మాట ఒక వాక్యంలో చేర్చమంటారా? మీరు ఊ అంటేనే.

ఇంకో సంగతుంది. ఫోన్లో చెబుదామంటే నోరు పెగలడం లేదు. ఒక్కదాన్నే అన్నీ నెత్తిన వేసుకోవడం ఈమధ్య బరువుగా ఉంది. క్రిస్మస్ సెలవుల్లో వచ్చినప్పుడు కూర్చుని చెబుతాను. భయపడేదేమీ కాదు.

మీ కోడలు,
అంకిత


అరోరా
17 నవంబరు 2024

చి॥ అంకితకు,

ఆశీస్సులు. వాక్యం చేర్చనక్కర్లేదు. సరిహద్దు కాసేవాడికి తీరిగ్గా సాక్షుల్ని పిలిచి విచారించే వీలుండదు. ముందు కత్తి, తర్వాతే న్యాయం. వంతెన మీద పగులు కనిపిస్తే ముందు రోడ్డు మూసేస్తాం, కమిటీ తర్వాత కూర్చుంటుంది. ఇదీ అంతే.

నీ 'ఇంకో సంగతి' నాకు అర్థమైంది. మొహమాటపడుతున్నావు, నాకు తెలుసు. చెప్పనక్కర్లేదు. ఫణి పోయి, వాడి వీసా మీద ఉన్న నీ వీసా కూడా పోయి, పసిపిల్లతో ఇండియా వెళ్ళిపోవాల్సిన పరిస్థితి వచ్చినప్పుడు నేను ఊరుకున్నానా? నువ్వు నోరు తెరిచి అడిగే లోపలే మాస్టర్స్‌లో సీటు చూసి చేర్పించాను. ఇప్పుడూ చేయాల్సింది చేస్తున్నాను. త్వరలో మంచి వార్త వింటావు.

మూడో అధ్యాయం పంపుతున్నాను. నా మనసంతా ఇందులోనే ఉంది. జీగ్‌ఫ్రీడ్ పోయాక గెరో రోమ్ వెళ్ళి, సెయింట్ పీటర్ సమాధి దగ్గర ఆయుధాలు దించేశాడు. తన ఆస్తి ధారపోసి గెర్న్‌రోడెలో సన్యాసినుల మఠం కట్టించాడు. ఇరవై ఏళ్ళ విధవ కోడలు హథూయిని దానికి అధిపతిని చేశాడు. ఆ అనాగరిక కాలంలో కోడలికి నీడా గౌరవమూ ఇచ్చిన మామగారు ఇంకొకడున్నాడా? రాస్తుంటే కళ్ళు చెమర్చాయి. జాగ్రత్తగా చదువు.

చలి మొదలైంది. అత్తయ్య గోంగూర కుండీలన్నీ హాల్లోకి చేర్చింది. టీవీ కనబడడం లేదు.

మామయ్య


కాపెల్
8 డిసెంబరు 2024

మామయ్యగారికి నమస్కారాలు.

జాగ్రత్తగా చదవమన్నారు. చదివాను. రెండుసార్లు చదివాను.

మీకు ఎవరు చెప్పారో తెలియదు. సాన్వే అయ్యుంటుంది, తాతయ్యతో ఫోన్లో అది దాచేదేముంది? నేనే ముందుగా చెప్పాల్సింది. అందుకు క్షమించండి. కానీ మీ జవాబు ఇలా వస్తుందనుకోలేదు. మీరు నాతో అనదలచుకున్నది గెరో పేరు పెట్టి అనక్కర్లేదు. నేరుగా అంటే విని ఉండేదాన్ని.

పుస్తకం సంగతికొస్తే, చర్చి రాళ్ళ గురించి పేజీలకు పేజీలు రాశారు. రోమ్ నుంచి తెచ్చిన ఎవరో మహానుభావుడి చెయ్యి ఎముక గురించి ఇంకో పేజీ రాశారు. హథూయి గురించి ఒకే ఒక్క వాక్యం. అందులోనూ కర్త గెరోనే. "అధిపతిని చేశాడు." ఆమెని ఎవరైనా అడిగారా? ఇరవై ఏళ్ళ పిల్ల. ఆ వయసులో ఇంకేమైనా కావాలనుకుందేమో. రాతి గోడల మధ్య కూర్చోబెట్టి గౌరవమిచ్చాను అంటే ఆమె ఏమనాలి?

క్రిస్మస్‌కి రావడం లేదు. ఆఫీసులో రిలీజ్ ఉంది. అత్తయ్యగారికి మోకాలి బెల్టు పోస్టులో పంపాను, సైజు సరిపోయిందో లేదో చెప్పమనండి.

అంకిత


అరోరా
5 జనవరి 2025

చి॥ అంకితకు,

నీ ఉత్తరం తలా తోకా తెలియలేదు. నాకెవరూ ఏమీ చెప్పలేదు. నీకేం రిలీజో కానీ, పండగపూట సాన్వి లేకుండా ఇంట్లో మేమిద్దరం గోడలు చూస్తూ కూర్చున్నాం. నీ ఉత్తరం అత్తయ్యకిస్తే చదివి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. "ఏమిటే?" అంటే "ఏం లేదండీ, పోపు మాడుతోంది" అంది. పొయ్యి మీద ఏమీ లేదు.

మూడో అధ్యాయం నీకు నచ్చలేదని మాత్రం తెలిసింది. జగన్మోహన్‌కి నచ్చలేదు, నీకూ నచ్చలేదు. నా రాత. పదో శతాబ్దపు స్త్రీని ఇవాళ్టి కళ్ళతో చూడకూడదమ్మా. ఆమెను అడిగారా అంటావేమిటి? అప్పుడు ఎవర్ని ఎవరు అడిగారు?

అది అలా ఉంచు. మంచి వార్త చెబుతానన్నాను కదా. మన ఇంటికి రెండు వీధుల అవతల టౌన్‌హౌస్ అద్దెకు తీసుకున్నాను, నీకూ సాన్వికీ. వెనక చిన్న పెరడు, దగ్గర్లోనే స్కూలు. ఒక్కదానివే అన్నీ మోస్తున్నానని నువ్వు రాసిన నాడే అనుకున్నాను. మీ మేనేజర్‌ని రిమోట్ అడుగు. కుదరదంటే నా స్నేహితుడు పద్మనాభం కొడుకు కంపెనీలో మాట్లాడి ఉంచాను, నీ వీసా వాళ్ళు చూసుకుంటారు. మార్చికల్లా వచ్చేయండి. తాళాలు ఇందులోనే పెడుతున్నాను. సాన్వి గదికి ఊదా రంగు వేయిస్తున్నాను.

మామయ్య


కాపెల్
14 జనవరి 2025

మామయ్యగారికి,

తాళాలు తిప్పి పంపుతున్నాను. మూడో అధ్యాయం కూడా. టైపు చేయలేను.

నేను పొరబడ్డాను. మీకు తెలుసనుకున్నాను. తెలియదని ఇప్పుడు తెలిసింది. అత్తయ్యగారికి తెలుసు, దీపావళినాడు నేనే చెప్పాను. మీకు నేనే చెబుతాను, మీరు నోరెత్తొద్దని ఒట్టు వేయించుకున్నాను. ఆవిణ్ణి ఏమీ అనకండి.

నేను మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నాను. అతని పేరు రాకేష్. వరంగల్ వాళ్ళు. మా ఆఫీసులోనే వేరే టీమ్. సాన్వికి జ్వరమొచ్చిన రోజు ఆఫీసులో మీటింగ్ వదిలేసి మమ్మల్ని హాస్పిటల్‌కి డ్రైవ్ చేసినవాడు. అంతకంటే పెద్ద కథ లేదు.

మీరు నాకు చేసింది తక్కువ కాదు. మీరు లేకపోతే నేనీ దేశంలో లేను. ఆ మాటకే జంకి ఇన్నాళ్ళూ పెళ్ళి సంగతి చెప్పలేకపోయాను. కానీ మామయ్యగారూ, ఏ కోర్సు చదవాలో మీరే చెప్పారు. నాకు డిజైన్ ఇష్టమంటే, ఉద్యోగాలు రావని డేటాలో చేర్పించారు. ఏ అపార్ట్‌మెంటో మీరే చూశారు. సాన్వికి జుట్టు పొట్టిగా కత్తిరిస్తే రెండు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు ఇల్లు, ఉద్యోగం, పిల్ల గది గోడల రంగు! దానికి ఊదా అంటే పడదు. పచ్చ ఇష్టం.

బరువుగా ఉందని రాస్తే, ఏమిటమ్మా బరువు అని ఒక్కసారి అడిగి ఉంటే ఆ రోజే చెప్పేదాన్ని. మీరు అడగలేదు. తెలిసిపోయిందన్నారు.

అంకిత


అరోరా
2 ఫిబ్రవరి 2025

అంకితకు,

ఉత్తరం అందింది.

అత్తయ్యకి తెలుసు. సాన్వికి తెలుసు. నాకొక్కడికే తెలియదు. హథూయిని ఎవరైనా అడిగారా అని నువ్వు రాస్తుంటే, పుస్తకాన్నే తప్పుపడుతున్నావనుకుని జవాబు రాసిన వెర్రివాణ్ణి. నా వెనక ఎంత నవ్వుకున్నారో.

పెళ్ళి నీ ఇష్టం. నా అనుమతి నువ్వడగలేదు, నేనివ్వాల్సిందీ లేదు. ఒక్కటే అడుగుతాను. ఆ ఇంట్లో ఫణి ఫోటో ఎక్కడ పెడతావు?

మొదటి రెండు అధ్యాయాల నా చేతిరాత ప్రతులు కూడా పంపించెయ్యి. పుస్తకం ఆపేశాను.

లక్ష్మీకాంతం


కాపెల్
20 ఏప్రిల్ 2025

మామయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం వచ్చాక చాలాసార్లు రాసి చింపేశాను. ఫోన్ చేస్తే మీరు ఎత్తలేదు. "స్నానం చేస్తున్నారమ్మా" అని అత్తయ్యగారు ప్రతిసారీ అదే అబద్ధం చెబుతున్నారు. పాపం, ఆవిడకి ఇంకో అబద్ధం చేతకాదు.

మీ వెనక ఎవరమూ నవ్వుకోలేదు. ఆ రోజుల్లో నేను ఏడవడమే ఎక్కువ. మీకు తెలిసిపోయి, హథూయి కథతో నన్ను కట్టడి చేస్తున్నారనుకున్నాను. మీరేమో నేను పుస్తకాన్ని తప్పుపడుతున్నానని అనుకున్నారు. ఇద్దరం ఒక జర్మనీ ఆయన్ని మధ్యన నిలబెట్టి, ఆయన భుజాల మీదుగా కొట్టుకున్నాం.

ఫణి ఫోటో ఎక్కడ పెడతావని అడిగారు. హాల్లో. సోఫాకి ఎదురుగా. మేకు కొట్టింది రాకేష్. వంకరగా ఉందని సాన్వి రెండుసార్లు పీకించింది.

మే నెల మూడో శనివారం ఇక్కడి గుళ్ళో పెళ్ళి. మా నాన్నకి వీసా దొరకలేదు, అమ్మ ఒక్కతే వస్తోంది. శుభలేఖ ఇందులో పెట్టాను. రమ్మని ఒత్తిడి చేయను. రాకపోతే తప్పుపట్టను. వస్తారని మాత్రం ఎదురుచూస్తాను. అది మానుకోవడం నా వల్ల కావడం లేదు.

మీరు పంపమన్న చేతిరాత ప్రతులు పంపడం లేదు. అడగకుండా నా దగ్గర ఉంచుకుంటున్నాను. పుస్తకం ఆపకండి.

మీ అంకిత


అరోరా
1 జూన్ 2025

చి॥ల॥సౌ॥ అంకితకు,

మామయ్య ఆశీస్సులు.

వచ్చాను. నువ్వు చూశావో లేదో తెలియదు. అత్తయ్యని చక్రాల కుర్చీలో ముందు వరసలోకి తోసి, నేను వెనక చెప్పుల అరల దగ్గర నిలబడ్డాను. కూర్చోవాలంటే ఎవరో ఒకరు పక్కన కూర్చుని, "మీరు పెళ్ళికూతురికి ఏమవుతారండీ?" అని అడుగుతారు. ఏం చెప్పను?

తలంబ్రాలప్పుడు నువ్వు నవ్వావు. ఫణి పోయాక నువ్వలా నవ్వగా నేను చూడలేదు. సంతోషించాల్సింది పోయి కుళ్ళుకున్నాను. ఉన్నదే రాస్తున్నాను. నా కొడుకు పోయిన చోట అందరూ నడుచుకుంటూ వెళ్ళిపోతున్నారు, నేనొక్కణ్ణే కాపలా కాస్తున్నాననిపించింది. ఎవరు పెట్టారు నన్ను కాపలా? ఎవరూ పెట్టలేదు.

బయటికి వస్తుంటే కారు దగ్గర ఎవరో వెనకనుంచి పరిగెత్తుకొచ్చారు. పెళ్ళిబట్టల్లో రాకేష్. "అంకుల్, తినకుండ పోతరా? వద్దు అంకుల్, లోపలికి రండి. కూసోండి, నేనే పట్టుకొస్త" అన్నాడు. చెమటతో బాసికం కిందికి జారింది. "ఫ్లైట్ ఉంది బాబూ" అన్నాను. లేదు, మర్నాడు ఉంది. "ఎయిర్‌పోర్ట్‌కి నేను డ్రాప్ చేస్త" అన్నాడు, తాళికట్టి గంట కూడా కాని వాడు! నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. "లోపలికి వెళ్ళు, నీ భార్య వెతుక్కుంటుంది" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో వచ్చింది. అత్తయ్య మాత్రం శుభ్రంగా భోంచేసి, స్వీటు కట్టించుకుని మరీ హోటల్‌కి వచ్చింది.

టౌన్‌హౌస్ వదిలేశాను. వేయించిన రంగు ఇంటివాళ్ళకే మిగిలింది.

పుస్తకం మళ్ళీ పట్టుకున్నాను. నువ్వు అడిగిన దానికోసం వెతికాను. గెరో కన్నుమూయగానే రాజు ఆయన సరిహద్దు రాజ్యాన్ని ముక్కలుచేసి పంచిపెట్టాడు. తర్వాత ఓ తరం తిరక్కుండానే స్లావులు తిరగబడి అందులో చాలాభాగం లాగేసుకున్నారు. అన్ని యుద్ధాలు, ఆ విందు, ఆ చావులు, చివరికి మిగిలిందేమిటి? హథూయి ఆ మఠాన్ని యాభై ఏళ్ళకు పైగా నడిపింది. అదొక్కటే నిలబడింది. ఈ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. రాయాలని తోచలేదు.

ఆమెకది ఇష్టమేనా? నాకు దొరికినంతలో ఆమె నోటి మాట ఒక్కటీ లేదు. "ఆమెను అడిగారో లేదో తెలియదు" అని రాశాను. విందు దగ్గర కూడా నువ్వు చెప్పిన వాక్యం చేర్చాను. ఇందులో పెట్టిన ఈ మూడో అధ్యాయం మళ్ళీ టైపు చేస్తావా? కుదరకపోతే కుదరదని రాయి.

మామయ్య


కాపెల్
8 జూన్ 2025

మామయ్యగారికి నమస్కారాలు.

చూశాను. చెప్పుల అరల దగ్గర మీ నీలం చొక్కా కనబడింది. నేనే రాకేష్ చెవిలో చెప్పాను, "వెళ్ళిపోతున్నారు, ఆపు" అని. పురోహితుడుగారు "ఆగండి బాబూ, ఇంకా అయిపోలేదు!" అని వెనకనుంచి అరుస్తూనే ఉన్నారట.

అధ్యాయం చదివాను, టైపు చేస్తాను. జగన్మోహన్‌గారు మళ్ళీ గోల చేస్తే నా నంబరివ్వండి. కానీ హథూయి గురించి మీరు రాసింది ఇంకా తక్కువే. యాభై ఏళ్ళు అంతమందిని పోషించి, పొలాలు చూసుకుని, రాజులతో మాట్లాడి నెగ్గుకొచ్చిన మనిషికి అరపేజీనా? దీనిమీద మీతో పోట్లాట ఉంది, ఉత్తరాల్లో తేలేది కాదు.

ఇంకో పోట్లాట కూడా ఉంది. పెళ్ళికొచ్చి, మెతుకు ముట్టకుండా వెళ్ళిపోవడం ఏమిటి మామయ్యగారూ? కోపమొస్తే తిట్టాలి, తిని తిట్టాలి. మా అమ్మ ఇప్పటికీ అదే తలుచుకుంటోంది. రాకేష్ ఏమీ అనడు కానీ, ఆ రోజు తనూ సరిగ్గా తినలేదు. నాకు మాత్రం కోపంగానే ఉంది. మీ ఉత్తరం చదివి ఏడ్చాను, కోపం తగ్గలేదు.

అందుకని వచ్చే శనివారం ముగ్గురం వస్తున్నాం. హోటల్ బుక్ చేసుకున్నాం, మీరేమీ చూడొద్దు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వస్తాం. అత్తయ్యగారిని పొయ్యి దగ్గర నిలబెట్టకండి. పప్పూ అన్నమూ చాలు, మీరు వండండి.

టేబుల్ దగ్గర మీరు ఖాళీగా ఉంచే ఫణి కుర్చీలో ఎవరు కూర్చోవాలా అని మీరు ఇప్పటినుంచే మథనపడతారని తెలుసు. సాన్వి కూర్చుంటుంది. అడిగాను, సరేనంది.

మీ అంకిత